గీత కింద సంతకం

నేను చూసిన పన్ను చెల్లింపుదారుల్లో అందరికంటే బుద్ధిమంతుడు చనిపోయినవాడు. ఎగతాళికి అనడం లేదు. పద్నాలుగేళ్లపాటు ఒక్కసారి కూడా గడువు దాటకుండా తన ఆదాయం వివరాలు పంపాడు, అడిగినంత కట్టాడు, రసీదు తీసుకున్నాడు. బతికున్న షావుకార్లెవరూ మాకు అంత మర్యాద చేయలేదు.

నా పేరు రాజేశ్వర్. నిజామాబాద్‌లో ఆదాయపు పన్ను ఇన్‌స్పెక్టర్‌గా చాలాకాలం పనిచేశాను. రాజేశ్వర్ కన్నతండ్రికైనా నోటీసు ఇస్తాడని ఆఫీసులో చెప్పుకునేవాళ్లు. వాళ్లు నన్ను తిడుతున్నారని తెలిసి కూడా నేను దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను. అప్పట్లో నాకు అంత పొగరు ఉండేది.

ప్రతి ఏప్రిల్‌లో హైదరాబాదుకు ఒక పట్టిక పంపడం నా పని. పన్ను కట్టే ప్రతి వంద మందిలో పై రేటు కట్టేవాళ్లు ఎందరు అన్నదే ఆ పట్టిక. ఆదాయం ఒక గీత దాటిందంటే, ఆ పైన సంపాదించే ప్రతి రూపాయిలో సగానికి పైగా సర్కారుకే పోయేది. రానురాను ముప్పావు వంతు, అంతకు మించి కూడా పోయింది. యాభై ఏడులో మా దగ్గర వందకు తొమ్మిది మంది ఆ గీత పైన ఉన్నారు. అరవై నాలుగు నాటికి ఆరుగురయ్యారు. డెబ్బైలో ముగ్గురే మిగిలారు. రేటు పెరిగినకొద్దీ మనుషులు మాయమయ్యారు.

బోధన్ చూస్తే ఎవరూ మాయమైనట్టు కనిపించేది కాదు. చెరకు బండ్లు ఫ్యాక్టరీ గేటు నుంచి మైలు పొడవునా నిలబడేవి. కొత్త లారీలు, కొత్త మేడలు వచ్చాయి. చెరకు పండించేవాళ్లకు మా పన్ను లేదు. కానీ వాళ్ల చుట్టూ బతికే డీజిల్ వాళ్లు, ఇనుము వాళ్లు, గోనెసంచుల వాళ్లు దండిగా సంపాదిస్తున్నారు. వాళ్లంతా గీత కిందికి ఎలా దూరారో నాకు తెలుసు. భార్య ఒక భాగస్తురాలు, అల్లుడు ఇంకో భాగస్తుడు, ఊయలలో పిల్లకు ఇంకో వాటా. ఒకడి ఆదాయం నలుగురి పేర్ల మీద పంచితే ఎవరూ గీత దాటరు. చాలావరకు చట్టం ఒప్పుకునే తెలివే కాబట్టి నేను పళ్లు నూరుకుని ఊరుకునేవాణ్ణి.

డెబ్బై డిసెంబరులో హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. ఒక పక్క వ్యాపారం పెరుగుతుంటే పై రేటు వాళ్లు ఎందుకు తగ్గుతున్నారో కారణం రాయమన్నారు. గీతకు అంగుళం కింద ఏళ్ల తరబడి కదలకుండా కూర్చున్న ఫైళ్లన్నీ బయటికి తీశాను. వాటిలో ఒకటి బోధన్‌లోని గోనెసంచుల దుకాణానిది. అన్న అబ్బాస్, తమ్ముడు నూరుల్లా చెరి సగం. ఇద్దరిదీ ఒకటే అంకె, గీతకు కాస్త కింద. రెండు సగాలూ ఒకే నెత్తిన పడితే మాత్రం గీత ఎక్కడో కిందికి పోతుంది.

మా నోటీసులు, రసీదులు ఊళ్లు తిరిగి ఇచ్చి వచ్చేవాడు ఆశన్న. మా ఆఫీసు పుట్టినప్పటి నుంచీ ఉన్నవాడు. అతన్ని పిలిచి, ఈ అబ్బాస్‌ను ఎప్పుడైనా చూశావా అని అడిగాను.

"లే సార్. బొంబైల ఉంటడంట. ఆడ ఇంకో సంసారం పెట్టుకున్నడని అంటరు. గని ఆయన పెండ్లాం ఈడనే ఉంటది. మెహరున్నిసా బేగం. పిల్లలు లేరు. మరిది నెలనెల పైసలిస్తడు, గవి ఆయన పంపినయేనని చెప్తడు."

"నీతో మాట్లాడుతుందా?"

"పర్దా ఎనుక నుంచి మాట్లాడతది. సాలుకొకసారి రసీదు తీస్కపోత గద. గప్పుడు ఒక్క మాటే అడుగుతది. గీసారి గూడ దస్తఖత్ చేసిండా ఆశన్నా, అని. చేసిండమ్మా అంట. ఇగ ఆయనను మస్తు తిడతది. బేషరమ్ అంటది, దిల్ లేనోడంటది. తిట్టి తిట్టి రసీదు లోపలికి తీస్కుంటది."

ఆశన్న గొంతు తగ్గించాడు. "ఆ ఇంట్ల ఆయన ఉన్నట్టే ఉంటది సార్. తిట్లు బొంబైల ఉన్నోన్ని తిట్టినట్టు ఉండయి. పక్క అర్రల కూసున్నోన్ని తిట్టినట్టుంటయి."

ఆశన్న మాటలకు నవ్వి పంపించేశాను. ఆ తర్వాత ఫైలులోని పద్నాలుగు కాగితాలు టేబుల్ మీద వరసగా పరిచాను. ఒక్కోదాని మీద రెండు సంతకాలున్నాయి. నూరుల్లా సంతకం ఏడాదికేడాది మారుతూ వచ్చింది. మొదట్లో సన్నగా, కుదురుగా ఉండేది. మధ్యలో ఆదరాబాదరాగా మారింది. ఈమధ్య వణికింది, చివరి అక్షరం కిందికి జారింది. అబ్బాస్ సంతకం మాత్రం పద్నాలుగింటిలోనూ ఒకటే. అదే వంపు, అదే చుక్క, తోకకు అదే పొడవు. యాభై ఏడులో ఎలా ఉందో డెబ్బైలోనూ అలాగే ఉంది.

నా పాత సర్వీసు పుస్తకం తెప్పించి నా సంతకం చూసుకున్నాను. యాభై ఏడులో నేను పెట్టిన సంతకం ఇప్పుడు నాదే అంటే బ్యాంకువాడు డబ్బివ్వడు. బతికున్న మనిషి చెయ్యి మనిషితో పాటే ముసలిదవుతుంది. ఈ చెయ్యికి వయసు రాలేదు. పట్టపగలు, పక్కన పది మంది గుమస్తాలు ఉండగా, నాకు ఒళ్లు జలదరించింది. ఆ కాగితాలు మూసేదాకా ఎవరో నా కుర్చీ వెనక నిలబడి తన సంతకాన్ని తనే చూసుకుంటున్నట్టు అనిపించింది.

భయం పోయాక కోపం వచ్చింది. దొంగ దొరికాడు. నూరుల్లాను పిలిచి అడిగితే ఏదో ఒక కథ చెబుతాడు. అందుకని సమను అబ్బాస్ పేరు మీదనే రాయించాను. మార్చి పదహారున ఉదయం పదకొండు గంటలకు స్వయంగా హాజరు కావాలని. అన్న రావాలి, లేదా తమ్ముడు నిజం ఒప్పుకోవాలి. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ ఇంట్లో పర్దా వెనకున్న మనిషి గురించి ఆలోచించలేదు. ఆలోచించానని ఇప్పుడు అబద్ధం చెప్పలేను.

ఆశన్న సమను తీసుకుని వెళ్లిన రోజు నూరుల్లా సరుకు కోసం నాందేడ్ పోయాడట. కాగితం ఆమె చేతికే అందింది. చదవడం రాదు కాబట్టి ఏముందని ఆశన్నను అడిగింది. అబ్బాస్ సాబ్ పదహారో తారీఖున నిజామాబాద్ రావాలని ఆశన్న చెప్పాడు.

"రాకపోతే?" అంది.

"రాకుండ ఎట్లుంటడమ్మా. సర్కారు పిలుపు."

ఆ మాటకు ఆమె ఆ రోజు తిట్లు మరిచిపోయిందట. నేను పిలిస్తే రాలే, సర్కారు పిలిస్తే వస్తడు, అని రెండుసార్లు అనుకుందట. సమను మరిదికి చూపించలేదు. వాకిట్లో అంటించాల్సిన రెండో ప్రతిని ఆశన్న దుకాణం తలుపుకు అంటించి వచ్చాడు. నూరుల్లా దాన్నే చూశాడు. ఒకే పిలుపు ఒకే ఇంట్లో ఇద్దరికి అందిందని, ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదని మాకు తెలియదు.

పదహారో తారీఖున నేను ఆఫీసుకు వచ్చేసరికి వరండాలో బల్ల మీద ఒకామె కూర్చుని ఉంది. బురఖా ముసుగు పైకి తీసి ఉంది. నలభై దాటిన మనిషి. మెడలో పెళ్లయిన తురక ఆడవాళ్లు వేసుకునే నల్లపూసల లచ్చ. ఒడిలో టిఫిన్ డబ్బా. ఎవరి కోసమని అడగబోతుంటే ఆశన్న నన్ను పక్కకు లాగాడు.

"మెహరున్నిసా బేగం, సార్. పొద్దుగాల మొదటి బస్సుకే వచ్చింది. ఆయనకు ఖీమా ఇష్టమంట. వండుకొచ్చింది."

నాకు అప్పుడు తల కొట్టేసినట్టయింది. లోపలికి పోయి కుర్చీలో కూర్చున్నాను. కిటికీలోంచి ఆమె కనబడుతూనే ఉంది. వరండాలో చెప్పుల చప్పుడైనప్పుడల్లా తలెత్తేది. వచ్చినవాడు బట్టల షావుకారో, ప్లీడరో అయ్యేవాడు. మళ్లీ తల దించుకుని లచ్చ సరిచేసుకునేది. ఒకసారి ముసుగు మొహం మీదికి లాక్కుంది. బహుశా కోపంగా కనబడాలనుకుందేమో. కాసేపటికి మళ్లీ తీసేసింది. గుర్తుపట్టడేమోనని భయపడి ఉంటుంది.

ఆమెను ఇంటికి పంపేయమని ఆశన్నకు చెప్పి ఉండవచ్చు. తేదీ మారిందని అనవచ్చు. గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాను, అంతే. ఏం చెయ్యాలో నిజంగా తోచలేదు.

పదకొండు దాటాక నూరుల్లా వచ్చాడు. ఒక్కడే. మెట్లెక్కి వదినను చూసి మెట్టు మీదే ఆగిపోయాడు. ఆమె లేచి నిలబడింది. అతని మొహం చూడలేదు, అతని వెనక చూసింది. మెట్ల దిగువన సైకిళ్లు తప్ప ఎవరూ లేరు.

విచారణ మొదలయ్యే ముందు, పేరు మూడుసార్లు పిలవాలి. కోర్టుల్లో ఉన్న పద్ధతే మా ఆఫీసులోనూ పాటించేవాళ్లం. నేను వద్దని సైగ చేసేలోపే ఆశన్న అలవాటు ప్రకారం గుమ్మంలో నిలబడ్డాడు. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని, నోరు దానంతట అదే తెరుచుకుంది.

"బోధన్ అబ్బాస్ హాజిర్ హై?"

ఆమె వరండా రెండు చివర్లా చూసింది. టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టింది.

"బోధన్ అబ్బాస్ హాజిర్ హై?"

రెండో పిలుపు తర్వాత ఆశన్న నా వైపు చూశాడు. కానీ రెండు పిలుపులతో ఆపడం కుదరదు. మూడోసారి పిలిచినప్పుడు వరండాలో గుమస్తాలు కూడా రాయడం మానేశారు. ఎవరో వస్తారని నేను కూడా గుమ్మం వైపు చూశాను. ఆ క్షణంలో అతను వచ్చి నిలబడి ఉంటే నేను ఆశ్చర్యపోయేవాణ్ణి కాదు.

"హాజిర్ కాలేడు సాబ్," అన్నాడు నూరుల్లా, మెట్టు మీద నుంచే. "మట్టిల ఉన్నడు."

ఆమె అరవలేదు. ఎవరు, అని అడిగింది. నూరుల్లా ఆమె కాళ్ల దగ్గర కూలబడిపోయాడు. ఆశన్న ఇద్దరినీ నా గదిలోకి తీసుకొచ్చి తలుపు వేశాడు.

జరిగింది ఇది. యాభై ఏడులో రంజాన్ నెలలో అబ్బాస్ పాత సంచులు కొనడానికి బొంబాయి వెళ్లాడు. అక్కడ వాంతులు పట్టుకుని ఆసుపత్రిలో పోయాడు. టెలిగ్రాం అందుకున్న నూరుల్లా వెళ్లి అక్కడే ఖననం చేసి వచ్చాడు. ఇంట్లో తల్లి మంచంలో ఉంది. పెద్దకొడుకు పోయాడంటే ఆ రోజే ఆమె కూడా పోతుంది. అన్న పని మీద అక్కడే ఉండిపోయాడని చెప్పాడు. జూన్‌లో మా ఆఫీసుకు కాగితాలు పంపాలి. ఒక సంతకం తక్కువైతే దుకాణం మొత్తం నీ ఒక్కడి నెత్తి మీదికి వస్తుంది, పై రేటు పడుతుంది, అని దుకాణం లెక్కలు రాసే మునీం చెప్పాడు. అన్న సంతకం చూసి గీశాడు. ఆ చలికాలంలో తల్లి పోయింది.

"అమ్మీ పోయినంక చెప్దామనుకున్న సాబ్. గని గప్పటికే కాయిదం మీద అన్న బతికున్నడు. ఇంట్ల ఎట్ల సంపాలె? మల్ల సాలు చెప్దామనుకున్న. భాభీ ఎప్పుడొస్తడని అడుగుతనే ఉండె. రోజు అడుగుతుంటే తట్టుకోలేక, ఆడ ఇంకో సంసారం పెట్టిండని అన్న. గంతే, అడుగుడు బంద్ చేసింది."

నేను సంతకాల సంగతి అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మొదట్ల చూసి గీసేది. కాయిదాలు కరాబ్ అయ్యేటియి. ఇగ నాలుగైదేండ్ల సంది చూసే పనే లేదు సాబ్. కలం పడితే అదే వస్తది. నా దస్తఖత్ పెట్టుకోవాలంటే చెయ్యి వణుకుతది. అన్నది మాత్రం వణకదు. గది నా చెయ్యి కాదు."

మెహరున్నిసా ఇద్దరి మాటలూ వింటూ కూర్చుంది. చివరికి ఒక్క మాటే అంది. "పదునాలుగేండ్లు తిట్టిన," అంది. "సచ్చినోన్ని తిట్టిన." డబ్బా బల్ల మీద వదిలేసి వెళ్లిపోయింది. నూరుల్లా వెనక పరిగెత్తాడు.

ఆమె మీద జాలితో నా పని ఆగలేదు. దుకాణాన్ని ఎన్నేళ్లు వెనక్కి తవ్వి పై రేటు వేయాలో తేల్చడానికి చనిపోయిన తేదీ కావాలి. ఆ తేదీ వేసిన కాగితం మీద భార్య వేలిముద్ర కావాలి. వారం తర్వాత ఆశన్నను వెంటబెట్టుకుని బోధన్ వెళ్లాను. ముందు అర్రలో కుర్చీ వేశారు. పర్దాకు అవతల ఆమె, గుమ్మం దగ్గర తల దించుకుని నూరుల్లా. ఆశన్న చెప్పినట్టు ఆ ఇంట్లో ఇంకొకరు ఉన్నట్టే అనిపించింది. గోడకు కొట్టిన మేకుకు ఒక మగవాడి టోపీ ఉంది. దుమ్ము లేదు.

కాగితంలో తేదీ ఖాళీగా ఉంచి తెచ్చాను. అది చదివి వినిపించబోతుంటే ఆమె మధ్యలో ఆపింది.

"సాబ్, ఖాజీ సాబ్‌ను అడిగిన. ఇద్దత్ కూసుంటనన్న."

మొగుడు పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా దుఃఖంలో కూర్చునే దినాలవి. నాకు తెలుసునన్నాను.

"కూసునే పని లేదన్నడు. ఇద్దత్ మొగడు సచ్చిన దినం నుంచి నడుస్తదంట, పెండ్లానికి తెలిసిన దినం నుంచి కాదంట. నాది ఎన్నడో అయిపోయిందంట. గప్పుడు నేను తింటున్న, తిరుగుతున్న, ఆయనను తిడుతున్న. నాకు తెల్వకుండనే అయిపోయింది. మీ కాయిదంల గీ సాలు తారీఖు రాయుండ్రి సాబ్. సర్కారు కాయిదం చూపిస్తే ఖాజీ సాబ్ ఒప్పుకుంటడు. ఏడ్సేటందుకు నాకు గన్ని దినాలన్న దొరుకుతయి."

నేను నూరుల్లా వైపు చూశాను. ఈ ఏడాది తేదీ రాస్తే అన్న నిన్నటి దాకా బతికి ఉన్నట్టే, పద్నాలుగేళ్ల పై రేటు మాఫీ. ఎంత బాగా నేర్పాడనుకున్నాను. ఏళ్ల తరబడి అనుమానమే తిని బతికిన మనిషికి ఇంకేం తోస్తుంది?

నా చూపు అతనికి అర్థమైంది. "నేను చెప్పలే సాబ్," అన్నాడు. "నా కోసమైతే అసలు తారీఖే రాయుండ్రి. ఎంతయితే గంత కడత."

అతను నిజమే చెప్పాడు. తర్వాత ఇల్లమ్మి మొత్తం కట్టాడు. కానీ ఆ క్షణంలో నేను నమ్మలేదు. తప్పుడు తేదీ రాయడం నా చేత కాదమ్మా అన్నాను. ఎంతమంది పసిపిల్లల వాటాలకు, ఎన్ని ఉత్తుత్తి భాగాలకు కళ్లు మూసుకుని ముద్ర వేశానో అప్పుడు నాకు గుర్తు రాలేదు. ఇప్పుడు రోజూ గుర్తొస్తుంది. ఆ ఒక్క అబద్ధమే రాసి ఉండాల్సింది.

ఆమె బతిమాలలేదు. మంచిది సాబ్, అంది. నేను తేదీ నింపి చదివాను. పందొమ్మిది వందల యాభై ఏడు, మే ఒకటి.

"గది మా నెలల్ల ఏ దినం?" అని అడిగింది.

నాకు తెలియదు. నూరుల్లా చెప్పాడు, గోడ వైపు తిరిగి. "చాంద్‌రాత్, భాభీ. తెల్లారితే పండుగ."

పర్దా కింద నుంచి కుడిచెయ్యి బయటికి వచ్చింది. ఆశన్న బొటనవేలికి నీలం సిరా రాసి, కాగితం మీద నొక్కి పట్టాడు. పని అయిపోయాక కూడా ఆ చెయ్యి లోపలికి పోలేదు. నేల మీద అరచెయ్యి వెల్లకిలా పెట్టి అలాగే ఉంచింది.

"గా దినం గీ చేతికి మెహందీ పెట్టుకున్న సాబ్," అంది. "పండుగకు వస్తడని. మస్తు ఎర్రగ పండింది."